మట్టి వేడిని కొలిచి మొసలి పిల్లల్లో ఆడ, మగ పాళ్లను అంచనా వేయడం ఎలా

మొసలి గుడ్డు పెట్టిన రోజున ఆ గుడ్డులో ఉన్నది ఆడపిల్లో మగపిల్లో ఇంకా తేలి ఉండదు. గుడ్లను పూడ్చిన చోట మట్టి ఎంత వేడిగా ఉందన్నదాన్ని బట్టి కొన్ని వారాల తరువాత తేలుతుంది. మనుషుల్లో, కోళ్లలో, పాముల్లో ఈ పని క్రోమోజోములు చేస్తాయి. మొసళ్లన్నిటిలోనూ, చాలా తాబేలు జాతుల్లోనూ, కొన్ని బల్లి జాతుల్లోనూ మాత్రం ఉష్ణోగ్రతే చేస్తుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట జిల్లాల్లోని హైస్కూళ్లలో, జూనియర్ కాలేజీల్లో పిల్లల చేత సైన్స్ ప్రాజెక్టు చేయించే ఉపాధ్యాయులు, ఒక్క గుడ్డునైనా తాకకుండా, కేవలం బడి ఆవరణలోని మట్టి వేడిని కొలిచి, అలాంటి చోట మగ్గర్ మొసలి గుడ్లు పెట్టి ఉంటే ఆడపిల్లలు ఎక్కువ పుట్టేవా మగపిల్లలు ఎక్కువ పుట్టేవా అని లెక్కగట్టే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

మన ప్రాంతం ఈ ప్రాజెక్టుకు బాగా సరిపోతుంది. కృష్ణానది నారాయణపేట జిల్లాలో తెలంగాణలోకి అడుగుపెట్టి, జూరాల మీదుగా శ్రీశైలం వెనుక జలాలకు, అక్కడి నుండి నాగార్జునసాగర్‌కు సాగే దారిలో మగ్గర్ మొసళ్లు ఉన్నాయి. ఆడ మొసలి ఫిబ్రవరి నుండి ఏప్రిల్ లోపు ఒడ్డున గుంత తవ్వి, పాతిక ముప్పై వరకు గుడ్లు పెట్టి, మట్టితో కప్పేస్తుంది. సుమారు రెండు నెలలకు పిల్లలు బయటికి వస్తాయి. అంటే గుడ్లు మట్టిలో ఉండే కాలమూ మన ఎండాకాలమూ ఒకటే. పైగా చెల్క నేల, నల్లరేగడి, వాగు ఇసుక మూడూ ఒకే మండలంలో దొరికే ఊళ్లు మనకు చాలా ఉన్నాయి కనుక, ఒకే ఎండకు మూడు రకాల నేలలు ఎలా వేడెక్కుతాయో పక్కపక్కనే పోల్చి చూడవచ్చు.

పనిలోకి దిగే ముందు ఒక నియమం పెట్టుకోవాలి. ఈ ప్రాజెక్టు పేరు చెప్పి ఎవరూ నది ఒడ్డుకు వెళ్లకూడదు, ఏ గుడ్డునూ కదపకూడదు. మగ్గర్ మొసలి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. దాని గుడ్లను తీయడం, దగ్గర ఉంచుకోవడం నేరం. తల్లి మొసలి గుడ్లకు కాపలా ఉంటుంది కనుక ప్రాణాపాయం కూడా. ఎక్కడైనా అనుకోకుండా గుడ్లు బయటపడితే వెంటనే మట్టి కప్పి, అటవీశాఖ వారికి కబురు చేయాలి. ఇక్కడ కోడిని పెంచిన ఇళ్లవారు ఒక తేడా గుర్తుంచుకోవాలి. గంపలో పొదిగే కోడి తన గుడ్లను రోజూ దొర్లిస్తుంది, ఆ గుడ్లకు అది అవసరం. మొసలి గుడ్డులోనైతే పెట్టిన ఒకటి రెండు రోజుల్లోనే పిండం పెంకు లోపలి పొరకు అతుక్కుంటుంది. ఆ తరువాత గుడ్డును తలకిందులు చేస్తే పిండం చనిపోతుంది. మంచి మనసుతో గుడ్లను ఏరి ‘సురక్షితమైన’ చోట పెట్టేవారు కూడా తెలియక చేసే హాని ఇదే.

గుడ్డు లోపల జరిగేది

వేడికీ లింగానికీ సంబంధం ఉందని సరీసృపాల్లో మొదట చూపినది మడలీన్ షార్నియే అనే ఫ్రెంచి పరిశోధకురాలు. 1966లో ఆమె ఆఫ్రికాలోని అగామా జాతి తొండ గుడ్లపై పనిచేసి, తక్కువ వేడిలో ఆడవి, ఎక్కువ వేడిలో మగవి పుడుతున్నాయని గమనించారు. తరువాతి దశాబ్దాల్లో తాబేళ్లలో, మొసళ్లలో కూడా ఇది రుజువైంది.

పిండంలో మొదట తయారయ్యే జననగ్రంథి వృషణంగానైనా, అండాశయంగానైనా మారగలదు. అరోమటేజ్ అనే ఎంజైము మగ హార్మోన్లను ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. ఈస్ట్రోజెన్ ఎక్కువైతే ఆ గ్రంథి అండాశయం అవుతుంది. మగ పిల్లలు రావలసిన ఉష్ణోగ్రతలో ఉంచిన తాబేలు గుడ్డు పెంకు మీద ఈస్ట్రోజెన్ పూస్తే ఆడపిల్ల పుడుతుందని ప్రయోగాల్లో తేలింది. వేడి సంగతి ఈ గ్రంథికి ఎలా చేరుతుందన్నది చాలా కాలం అంతుచిక్కలేదు. 2018లో ఎర్రచెవుల తాబేలు మీద జరిగిన పరిశోధన ఒక ముఖ్యమైన లంకెను బయటపెట్టింది. ఆ జాతిలో 26 డిగ్రీల దగ్గర మగవి, 32 డిగ్రీల దగ్గర ఆడవి పుడతాయి. చల్లగా ఉన్నప్పుడు కేడీఎం6బీ అనే ప్రొటీను, డీఎమ్‌ఆర్‌టీ1 అనే జన్యువు మీద ఉన్న మూతలాంటి రసాయన గుర్తును తొలగిస్తుంది. ఆ జన్యువు పనిచేస్తే వృషణం తయారవుతుంది. అంటే క్రోమోజోముల్లో తేడా ఏమీ లేకుండానే, ఒకే జన్యువు తెరుచుకోవడం, మూసుకోవడం మట్టి వేడి చేతిలో ఉంది.

మీ ప్రాజెక్టుకు వీటన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఈ నిర్ణయం పొదుగుదల కాలమంతా జరగదు. ఆ కాలాన్ని మూడు భాగాలు చేస్తే సుమారుగా నడిమి భాగంలోనే జరుగుతుంది. మొదటి మూడు వారాల ఎండా, చివరి మూడు వారాల ఎండా పిండం పెరిగే వేగాన్ని మారుస్తాయి కానీ లింగాన్ని మార్చవు. అందువల్ల ‘ఈ ఏడు ఎండలు మండిపోయాయి కనుక అన్నీ ఫలానావే పుడతాయి’ అని చెప్పడం కుదరదు. ఆ ఇరవై రోజుల్లో, గుడ్లు ఉన్న లోతులో, ఎంత వేడి ఉందన్నదే ప్రశ్న. వాతావరణ శాఖ ప్రకటించే గాలి ఉష్ణోగ్రతతో ఈ ప్రశ్నకు జవాబు దొరకదు.

జాతిని బట్టి లెక్క మారుతుంది. చాలా తాబేళ్లలో వేడి పెరిగితే ఆడవి, తగ్గితే మగవి. ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తర భాగపు పచ్చ సముద్ర తాబేళ్లలో, ఇంకా ఎదిగే వయసులో ఉన్నవాటిలో నూటికి 99కి పైగా ఆడవేనని 2018లో ప్రచురితమైన పరిశోధన చెప్పింది. మొసళ్లలో దారి వేరు. తక్కువ వేడిలో ఆడవి, నడుమ మగవి, ఇంకా పైకి వెళితే మళ్లీ ఆడవి. మగ్గర్ మొసలి మీద మద్రాసు క్రొకొడైల్ బ్యాంక్ అనే మొసళ్ల పెంపక, పరిశోధన కేంద్రంలో 1980లలో జరిగిన పరిశోధన ప్రకారం, స్థిరంగా 28 నుండి 31 డిగ్రీల వరకు ఉంచిన గుడ్ల నుండి ఆడపిల్లలే పుట్టాయి. 32.5 దగ్గర మగపిల్లలే పుట్టాయి. 31.5, 32, 33 డిగ్రీల దగ్గర రెండూ వేర్వేరు పాళ్లలో పుట్టాయి. 34, 35 డిగ్రీలు ఎక్కువకాలం నిలిస్తే పిండాలు బతికే అవకాశమే తగ్గిపోతుంది. ఈ అంకెలనే మీ పట్టికకు ఆధారంగా పెట్టుకోండి. అన్నీ ఆడవి కావడానికీ అన్నీ మగవి కావడానికీ నడుమ ఉన్నది ఒకటిన్నర డిగ్రీ మాత్రమేనని గమనించండి. ఈ ప్రాజెక్టులోని కష్టమంతా, అందమంతా ఆ ఒకటిన్నర డిగ్రీలోనే ఉంది.

మన పెరళ్లలో తిరిగే తొండను ఈ లెక్కకు ఎంచుకోకండి. దాని విషయంలో పరిశోధకుల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు.

థర్మామీటరును సరిచూడటం

ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో డీఎస్‌18బీ20 అనే పేరుతో, స్టీలు తొడుగూ పొడవైన తీగా ఉన్న నీళ్లు చొరని సెన్సర్లు దొరుకుతాయి. ఆర్డునో బోర్డు (సెన్సర్ కొలతలను చదివే చిన్న కంప్యూటర్ పలక) ఉన్న బడులకు ఇవి సౌకర్యంగా ఉంటాయి. అయితే దాని తయారీదారులు హామీ ఇచ్చే ఖచ్చితత్వం అర డిగ్రీ అటూ ఇటూ మాత్రమే. 31 అని చూపిన చోట నిజంగా 31.5 ఉంటే, ‘అన్నీ ఆడవే’ అన్న మీ జవాబు తప్పవుతుంది. కాబట్టి ప్రతి సెన్సర్‌నూ రెండు చోట్ల సరిచూసి, తేడాను దాని తీగకే చీటీ కట్టి రాసి పెట్టాలి.

మొదటిది మంచు. శుభ్రమైన నీటితో చేసిన ఐసును బాగా నలగ్గొట్టి గ్లాసు నిండా వేసి, సందులు నిండేంత చల్లని నీళ్లు పోసి, కలుపుతూ సెన్సర్‌ను అయిదు నిమిషాలు ఉంచితే సున్నా చూపాలి. రెండవదానికి మరిగే నీళ్లను నమ్ముకోవద్దు. మహబూబ్‌నగర్ సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది కనుక ఇక్కడ నీళ్లు 100 డిగ్రీలకు ముందే, 98 దాటగానే మరుగుతాయి. పైగా మనకు కావలసింది 30 చుట్టుపక్కల ఖచ్చితత్వం. అందుకని ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్లు పోసి, జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరునూ సెన్సర్‌నూ కలిపి ముంచండి. జ్వరం థర్మామీటరు పదో వంతు డిగ్రీ వరకు నమ్మదగినది. అది ఫారెన్‌హీట్‌లో చూపితే 32 తీసివేసి, వచ్చినదాన్ని 5తో గుణించి 9తో భాగించాలి. 97.7 చూపితే 36.5 సెల్సియస్ అన్నమాట. అప్పుడు సెన్సర్ 36.9 చూపుతుంటే, మీ రీడింగులన్నిటి నుండి 0.4 తీసివేయాలి.

సెన్సర్లు లేకపోతే ప్రయోగశాలలోని గాజు థర్మామీటరుతోనే పని జరుగుతుంది. అడుగు మూసిన పీవీసీ గొట్టాన్ని మట్టిలో నిలువుగా పూడ్చి, థర్మామీటరును దారంతో లోపలికి దించి, గొట్టం మూతికి గుడ్డ కుక్కాలి. పైకి లాగగానే గాలి వేడికి పాదరసం కదిలిపోతుంది కనుక, బల్బు చుట్టూ మైనం మందంగా పట్టించాలి. మైనం వేడిని నెమ్మదిగా వదులుతుంది. చదువుకోవడానికి కావలసిన అర నిమిషం దొరుకుతుంది.

గుంతలు

మూడు గుంతలు చాలు. ఒకటి రోజంతా ఎండ పడే చోట, ఒకటి వేప లేదా కానుగ చెట్టు నీడలో, మూడవది ఎండలోనే కానీ వాగు ఇసుక నింపి రెండు మూడు రోజులకొకసారి నీళ్లు చల్లేది. మొసలి నీటి దగ్గరే గుడ్లు పెడుతుంది కనుక ఈ మూడవ గుంత దాని గూటికి కొంత దగ్గరగా ఉంటుంది. ఒక్కొక్కటి అర మీటరు లోతు తవ్వి, పక్క గోడలోకి అడ్డంగా సన్నని రంధ్రం చేసి, 20 సెంటీమీటర్ల లోతున ఒక సెన్సర్, 40 సెంటీమీటర్ల లోతున ఇంకొకటి గుచ్చాలి. గూట్లో పై వరుస గుడ్లకు, అడుగు వరుస గుడ్లకు అవి సరిపోతాయి. తీగను నేరుగా పైకి తీయకుండా ఒక జానెడు మట్టిలోనే అడ్డంగా పోనిచ్చి తరువాత పైకి తేవాలి. లేకుంటే పై వేడి తీగ వెంట కిందికి దిగి లెక్క తప్పిస్తుంది. తవ్విన మట్టిని అదే వరుసలో తిరిగి నింపి, కాలితో మెల్లగా అదిమి, వారం రోజులు వదిలేయండి. కదిలిన మట్టి కుదురుకోవడానికి అంత సమయం పడుతుంది. మేకలు, కుక్కలు తవ్వకుండా చుట్టూ కంప వేయాలి. కంప కదిపేటప్పుడు తేళ్ల సంగతి మరవద్దు.

ఎప్పుడు చూడాలి

చాలా ప్రాజెక్టులు ఇక్కడే పాడవుతాయి. మార్చి నడుమ నుండి ఒంటిపూట బడులు మొదలవుతాయి. పొద్దున బడికి రాగానే ఒకసారి, ఇంటికి పోయేటప్పుడు పన్నెండున్నరకు ఒకసారి చూసి, రెండింటి సగటు తీయడం సహజంగానే తోస్తుంది. కానీ ఎండ నేల లోపలికి మెల్లగా దిగుతుంది. పైన మధ్యాహ్నం ఒంటిగంట దాటాక మట్టి భగ్గుమంటుంటే, 20 సెంటీమీటర్ల లోతులో అత్యధిక వేడి సుమారు రాత్రి ఏడెనిమిది గంటలకు వస్తుంది. 40 సెంటీమీటర్ల దగ్గర అర్ధరాత్రి దాటాక వస్తుంది. పై గుడ్ల లోతులో ఉదయం ఏడున్నర అంటే దాదాపు అత్యంత చల్లని వేళ. పన్నెండున్నరకు కూడా అక్కడి వేడి ఆ రోజు సగటును ఇంకా అందుకోదు. పైన కాళ్లు కాలుతున్నాయి కదా అని లోపల కూడా అంతే అనుకుంటే మోసపోతాం.

దీనికి విరుగుడు తేలిక. పన్నెండు గంటల ఎడంతో రెండుసార్లు చూడాలి. ఉదయం ఏడున్నర, రాత్రి ఏడున్నర. రోజువారీ వేడి ఒక అలలా పెరిగి తగ్గుతుంది కనుక, సరిగ్గా సగం రోజు ఎడం ఉన్న రెండు రీడింగుల సగటు ఏ లోతులోనైనా రోజు సగటుకు చాలా దగ్గరగా వస్తుంది. రాత్రి రీడింగు బాధ్యత బడి పక్కన ఇల్లున్న విద్యార్థికి, ఇంటి పెద్దల తోడుతో, అప్పగించాలి. ఏప్రిల్ చివర వేసవి సెలవులు మొదలయ్యాక కూడా ఎవరు చూస్తారో ముందే పేర్లు రాసుకోవాలి. తేదీ, సమయం, మబ్బు, గాలి, వాన కూడా నోటుపుస్తకంలో ఉండాలి. ఏప్రిల్‌లో గాలివానతో పడే ఒక్క అకాల వర్షం మట్టి వేడిని కొన్ని రోజుల పాటు దించగలదు. ఆ వాన నడిమి ఇరవై రోజుల్లో పడిందా, బయట పడిందా అన్నదాన్ని బట్టి పుట్టబోయే పిల్లల పాళ్లే మారిపోతాయి.

లెక్క కట్టడం

మార్చి 1న గుడ్లు పెట్టిందనీ, 60 రోజులకు పిల్లలు వస్తాయనీ అనుకోండి. నడిమి భాగం 21వ రోజు నుండి 40వ రోజు వరకు, అంటే మార్చి 21 నుండి ఏప్రిల్ 9 వరకు. మార్చి 15న పెట్టి ఉంటే ఏప్రిల్ 4 నుండి 23 వరకు, ఏప్రిల్ 1న పెట్టి ఉంటే ఏప్రిల్ 21 నుండి మే 10 వరకు. ఒకే నోటుపుస్తకం నుండి ఇలా ఎన్ని తేదీలకైనా లెక్క తీయవచ్చు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కానీ, మార్చిలో పెట్టిన గుడ్లకు ఆ ఎండతో పనిలేదు. వాటి పిల్లలు ఆడో మగో అన్నది మే 10 లోపే తేలిపోయి ఉంటుంది.

ఇప్పుడు ఒక ఊహా ఉదాహరణ. ఆ ఇరవై రోజుల్లో ఒక గుంతలో 20 సెంటీమీటర్ల దగ్గర ఉదయపు సగటు 28.5, రాత్రి సగటు 34.5 వచ్చాయనుకోండి. రెండింటి సగటు 31.5. అయితే పిండం వేడి వేళల్లో ఎక్కువ, చల్లని వేళల్లో తక్కువ ఎదుగుతుంది. కాబట్టి రాత్రి వేడికి ఎక్కువ బరువు ఇవ్వాలి. ఈ అభ్యాసానికి 20 డిగ్రీల దగ్గర ఎదుగుదల ఆగిపోతుందని అనుకుందాం. అప్పుడు ఉదయం బరువు 8.5, రాత్రి బరువు 14.5. ప్రతి ఉష్ణోగ్రతనూ దాని బరువుతో గుణించి, కూడి, బరువుల మొత్తం 23తో భాగిస్తే 32.3 వస్తుంది. మనం తీసుకున్నవి రోజులోని అత్యల్పం, అత్యధికం కనుక ఈ సవరణ కొంచెం ఎక్కువైంది. అందులో సగం తీసుకోవడం సబబు. అలా తీసుకుంటే 31.9. గంటగంటకూ నమోదు చేసే పరికరం ఉన్నవారు అన్ని రీడింగులకూ ఇదే పద్ధతిలో బరువులు వేస్తే సగం చేయనవసరం లేదు.

అదే గుంతలో 40 సెంటీమీటర్ల దగ్గర 31.0, 30.6 వచ్చాయనుకుంటే సగటు 30.8. తేడా తక్కువ కనుక సవరణ అక్కరలేదు. మగ్గర్ పట్టికతో పోల్చితే పై వరుసలో ఆడ, మగ కలిసి, అడుగు వరుసలో అన్నీ ఆడపిల్లలే. ఒకే తల్లి, ఒకే రోజు, ఒకే గుంత, నడుమ రెండు జానల మట్టి కూడా లేదు. ఈ ఒక్క వరుస పట్టికను పిల్లల చేత వారి సొంత అంకెలతో కట్టించగలిగితే ప్రాజెక్టు సార్థకమైనట్టే.

నివేదికలో రాయవలసినవి

ఫలితాన్ని ‘పుట్టాయి’ అని కాక ‘పుట్టే అవకాశం ఉంది’ అని రాయించండి. ఖాళీ గుంతలో గుడ్లు లేవు కనుక, ఎదిగే పిండాల సొంత వేడి మీ లెక్కలోకి రాదు. అది ఎక్కువగా చివరి భాగంలో పెరుగుతుంది కాబట్టి లింగం లెక్కను పెద్దగా చెరపదు, కానీ ఆ మాట నివేదికలో ఉండాలి. మద్రాసు అంకెలు స్థిరమైన ఉష్ణోగ్రతల్లో వచ్చినవనీ, మీ మట్టిలో ఉష్ణోగ్రత మారుతూ ఉంటుందనీ కూడా రాయాలి. ఎండ గుంతలో 34 దాటిన అంకెలు వస్తే ఆశ్చర్యపోవద్దు, వాటిని దాచవద్దు. తల్లి మొసలి నీటి చెంత, తేమగల చోటును ఎందుకు వెతుక్కుంటుందో ఆ అంకెలే చెబుతాయి.

విజ్ఞాన ప్రదర్శనలో పరీక్షకులు తప్పక అడిగే ప్రశ్న, దీని వల్ల ఉపయోగం ఏమిటని. మన దేశంలో మొసళ్ల సంరక్షణ పథకం 1975లో మొదలైంది. గుడ్లను సేకరించి, పొదిగించి, పెంచి, నదుల్లో, జలాశయాల్లో వదిలే పని అందులో భాగం. అలాంటి పొదుగు గదిలో అన్ని గుడ్లనూ 30 డిగ్రీల దగ్గర ఉంచితే వదిలే పిల్లలన్నీ ఆడవే అవుతాయి. సరిచూసుకోక ఒక డిగ్రీ తప్పు చూపే థర్మామీటరు ఒక జలాశయంలోని మొసళ్ల సంతతిని ఒక వైపుకు మళ్లించగలదు. మీ విద్యార్థి ఐసు గ్లాసులో సెన్సర్ పెట్టి చీటీ కట్టిన ఫొటోను చార్టు మీద అన్నిటికంటే పైన అంటించమనండి. పరీక్షకులకు ముందుగా దాన్నే చూపించాలి.

మృగశిర కార్తె వానలు పడకముందే సెన్సర్లు, గొట్టాలు తీసి, గుంతలు పూర్తిగా పూడ్చి, కంప తొలగించాలి. తీసిన సెన్సర్లను మరొకసారి మంచులో, గోరువెచ్చని నీళ్లలో సరిచూసి, మొదటి చీటీలోని తేడాకూ ఇప్పటి తేడాకూ పొంతన లేకపోతే ఆ సెన్సర్ ఇచ్చిన అంకెలను పట్టికలో వేరే రంగుతో గుర్తించాలి.